కోసేసిన బల్ల చివర

ఆ ఇంట్లో అన్ని గదులకన్నా ముందు వయసు మీదపడింది వంటగదికే. గోడల మసి ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మళ్ళీ తొంగిచూసేది. కుళాయి పగలూ రాత్రీ ముక్కు చీదుతూ ఉండేది. అయినా నర్సమ్మకు ఆ గదిలో ఒక మూలంటే ప్రాణం. పొయ్యికి ఎదురుగా, తూర్పు కిటికీ కింద, నలుగురు ఇరుక్కుని కూర్చోగలిగినంత చోటు. ఇన్నాళ్ళూ అక్కడ ఉల్లిపాయల బుట్టా, కాలు విరిగిన కుర్చీ, పాత పేపర్లూ కాపురం చేశాయి.

వీధిలో అందరికీ ఆవిడ నర్సమ్మే. ఆసుపత్రిలో చాన్నాళ్ళుగా రాత్రి డ్యూటీ. మొగుడు బస్సు డ్రైవరు. ఆయన ఇంటికి చేరేసరికి ఈవిడ చెప్పులేసుకుని గుమ్మంలో ఉంటుంది. మూడో తరగతి చదివే కూతుర్ని పిచ్చుక అని పిలుస్తారు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేది పొద్దున టిఫిన్ వేళ ఒక్కటే, అదీ ఒకరు నిలబడి, ఒకరు నడుస్తూ, ఒకరు బూట్లు వేసుకుంటూ. ఒకరోజు పిచ్చుక దువ్వెన పట్టుకుని పక్కింటి అత్త దగ్గరకు వెళ్ళిపోయింది.

"నేను వేస్తాగా జడ," అంది నర్సమ్మ.

"నీకు నిద్ర వస్తుంటుంది కదమ్మా."

పిల్ల మామూలుగానే అంది. నర్సమ్మకు మాత్రం కూతురు చేజారిపోతోందన్న భయం ఆ పూటే పట్టుకుంది. రోజుకు ఒక్కసారైనా, ఆ మూలలో, ముగ్గురం కుదురుగా కూర్చుని తిని తీరాలని పంతం పట్టింది.

పంతం పడితే ఆవిడ ఆగే మనిషి కాదు. గోడలకు లేత పసుపు రంగు వేయించింది. కుళాయి మార్పించింది. పగిలిన పలకలు పీకించి కొత్తవి పరిపించింది. ఇక బల్ల కావాలి. బజార్లో కొత్త బల్లలు చూస్తే, మోచెయ్యి ఆనిస్తే విరిగేలా ఉన్నాయి. తిరిగి తిరిగి పాత సామాన్ల కొట్టులో తేలింది.

అక్కడ, బీరువాల వెనక, ఉందది. నల్లగా, నిగనిగలాడుతూ, దిట్టంగా. జతగా రెండు బెంచీలు. నర్సమ్మ అరచేత్తో బల్లంతా నిమిరింది. ఒక చివర చెయ్యి దిగబడింది. చెక్కలో పక్కపక్కనే రెండు గుంటలు, నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ఇవేంటండీ?"

"మోచేతులమ్మా," అన్నాడు కొట్టాయన. "ఈ బల్ల ఉన్న ఇంటావిడ కూర్చునే చోటట అది. పొయ్యి వైపు. అందరికీ పెట్టి, అందరూ లేచాక, ఆఖర్న."

"నా బతుకూ అదేలెండి," నవ్వింది నర్సమ్మ. "ఎన్నాళ్ళు కూర్చుంటే చెక్క ఇలా అరుగుతుంది?"

"లేవనిస్తేగా," అన్నాడాయన. తర్వాత గుడ్డ తీసుకుని పక్కనున్న అద్దం తుడవడంలో పడిపోయాడు.

బల్ల ఇంటికొచ్చింది. మూలలో పెడితే మూరెడు బయటికి పొడుచుకొచ్చింది. డ్రైవరు చుట్టూ తిరిగి చూసి, "బల్లకు సరిపడా ఇల్లు కూడా చూడాల్సింది," అన్నాడు. నర్సమ్మ ఒక చూపు చూసి వడ్రంగిని పిలిపించింది.

"ఏ వైపు కొయ్యమంటారు?" అడిగాడు వడ్రంగి.

"ఆ గుంటలున్న వైపే కోసెయ్యండి. చూడ్డానికి బాగాలేదు."

రంపం చెక్కలోకి దిగింది. సగం కోసేసరికి గదంతా పాలు పొంగి మాడిన వాసన. నర్సమ్మ పొయ్యి దగ్గరకు పరిగెత్తింది. పొయ్యి వెలిగించే లేదు. గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. వడ్రంగి కూడా ముక్కు ఎగబీల్చాడు. "పక్కింట్లో ఎవరో మరిచిపోయినట్టున్నారు," అంటూ పని కానిచ్చాడు. బల్ల కాళ్ళు లోపలికి జరిపి బిగించాడు. కోసిన ముక్క పారేయడానికి నర్సమ్మకు మనసొప్పలేదు. పొయ్యి పక్క గోడకు అరచెక్కగా కొట్టించుకుంది. ఆ గుంటల్లో ఉప్పు సీసా, చక్కెర సీసా చక్కగా కూర్చున్నాయి.

మొదటి వారం పండగే. కిటికీలోంచి లేత ఎండ, బల్ల మీద రొట్టె, గుడ్లు, వేడి పాలు. ఒక బెంచీ మీద డ్రైవరు, ఎదుటి బెంచీ మీద కిటికీ పక్కన పిచ్చుక, దాన్ని ఆనుకుని నర్సమ్మ. కోసిన చివర ఎవరూ కూర్చోరు. తినడం అయ్యాక పిచ్చుక వెనక్కి తిరిగి తల అప్పగించేది. జడ వేస్తున్నంతసేపూ బడి కబుర్లు వాగుతూనే ఉండేది. నర్సమ్మకు కళ్ళు నిద్రతో మూతలు పడుతున్నా, ఇంతకన్నా నాకేం కావాలి అనిపించేది.

అప్పుడు గమనించింది. బల్ల కోసిన అంచు రోజూ పొద్దున్నే తడిగా ఉంటోంది. అంత పాత చెక్కలో చెమ్మ ఎక్కడిది? తుడిస్తే గుడ్డకు తెల్లగా, జిగటగా అంటుకునేది. ఇంకోరోజు పొయ్యి పక్క అరచెక్క మీద ఒక కంచం కనిపించింది. అందులో రొట్టె అంచులు, చల్లారిన గుడ్డు ముక్క. అందరూ వదిలేసినవన్నీ ఒకచోట పోగేసి ఎవరో నిలబడి తిన్నట్టు. ఉప్పు సీసా, చక్కెర సీసా తీసి నేల మీద పెట్టి ఉన్నాయి.

"రాత్రుళ్ళు లేచి దొంగతిండి తింటున్నారా?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నీ చేతి తిండి దొంగతనంగా కూడానా? పగలు తినలేకే చస్తున్నా," అన్నాడాయన. పిచ్చుక పడీ పడీ నవ్వింది. నర్సమ్మ కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఆ కంచం వైపు ఇంకోసారి చూసింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒకరోజు తన తర్వాత డ్యూటీకి రావాల్సిన నర్సు ఆలస్యంగా వచ్చింది. నర్సమ్మ తడుస్తూ ఇల్లు చేరేసరికి తెల్లారింది, కానీ మబ్బుకి వెలుతురు లేదు. కరెంటు పోయింది. పెరటి దారిన వస్తుంటే వంటగదిలో కొవ్వొత్తి వెలుగు. చెంచాల చప్పుడు. పిచ్చుక గలగలా ఏదో చెబుతోంది. 'పాపం, ఆకలేసి మొదలుపెట్టేసినట్టున్నారు' అనుకుంటూ తలుపు తోసింది.

పాలు మాడిన వాసన గుప్పున కొట్టింది.

"నాకోసం ఆగలేదేం?" అంది, జుట్టు పిండుకుంటూ.

డ్రైవరు తలెత్తాడు. "ఆగడమేంటి? ఇప్పటిదాకా ఇక్కడే కూర్చున్నావుగా. పెరట్లోకి ఎందుకెళ్ళావు వానలో?"

నర్సమ్మ బల్ల వైపు చూసింది. తన చోట కంచం ఉంది. అందులో కొరికిన రొట్టె ముక్క ఉంది.

"అమ్మా, జడ సగంలో వదిలేశావు," అంది పిచ్చుక. "రా, బడికి టైమవుతోంది."

నర్సమ్మ దగ్గరకు వెళ్ళింది. జడ సగం వరకు అల్లి ఉంది. తను అల్లేలా కాదు... నుదుటి చర్మం వెనక్కి లాక్కుపోయేంత బిగువుగా. వెంట్రుకల్లో అదే వాసన.

"నొప్పి పుట్టలేదా?" గుసగుసగా అడిగింది.

"కొంచెం. నీ చేతులు చల్లగా ఉన్నాయమ్మా ఇవాళ. ఏం మాట్లాడలేదు కూడా." పిచ్చుక మెల్లిగా అంది, "కానీ చాలాసేపు కూర్చున్నావు. బాగుంది."

నర్సమ్మ బెంచీ మీద తన చోట చెయ్యి పెట్టింది. ప్రాణం పోయినవాళ్ళను దించేశాక మంచానికి ఉండే చలి ఒకటుంటుంది. ఆ చలి ఆవిడకు బాగా తెలుసు.

ఆ రోజు పడుకుంటే కన్ను మూతపడలేదు. మొగుడికి చెబితే నిద్రలేమి అంటాడు. పిల్లకు చెబితే జడుసుకుంటుంది. ఎంత ఆలోచించినా ఒకటే తోచింది. ఎవరో జీవితమంతా కూర్చున్న చోటు తను కోసి గోడకు కొట్టించింది. కూర్చోవడానికి చోటు లేక ఆవిడ నర్సమ్మ చోట్లోకి వస్తోంది. ఆవిడ చోటు ఆవిడకు ఇచ్చేస్తే సరి.

వడ్రంగి ఊళ్ళో లేడు. ఆసుపత్రిలో సెలవు ఇవ్వలేదు. పిచ్చుకను ఆ రాత్రికి పక్కింటి అత్త దగ్గర పడుకోమంటే ససేమిరా అంది. ఇక సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు నర్సమ్మే స్క్రూలు విప్పి ఆ ముక్క ఊడదీసింది. కింద డబ్బాలు పేర్చి, ఎత్తు సరిచేసి, బల్ల కోసిన అంచుకు ఆనించి పెట్టింది. దాని ముందు ఒక ముక్కాలి పీట వేసింది.

"నీ చోటు నీకిచ్చేశాను," అంది లోగొంతుతో. "మా జోలికి రాకు తల్లీ..."

పొయ్యి దగ్గర ఎవరో దీర్ఘంగా ఊపిరి వదిలారు. చాలా కాలంగా మోస్తున్న బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి. నర్సమ్మకు మనసు తేలికపడింది. ఒప్పుకుంది, అనుకుంది.

మర్నాడు వాన వెలిసింది. లేత ఎండలో ఇంటికి దాదాపు పరుగే తీసింది. పెరటి తలుపు తీసే ఉంది. లోపల నవ్వులు.

ముందు బల్లే కనిపించింది. బల్ల నిండుగా, పొడుగ్గా ఉంది. అతుకు లేదు. కింద డబ్బాలు లేవు. ముక్కాలి పీట మాత్రం ఉంది. కోసిన గీత కోసం వేలితో తడిమింది... ఎక్కడా దొరకలేదు.

డ్రైవరు ఆయన చోట ఉన్నాడు. పిచ్చుక కిటికీ పక్కన ఉంది. పిచ్చుకను ఆనుకుని... ఎవరో. ఇటు వీపు పెట్టి. ఒంటి మీద నర్సమ్మ బూడిదరంగు స్వెట్టరు, మోచేతి దగ్గర నర్సమ్మే వేసుకున్న అతుకుతో సహా. చేతులు చకచకా జడ అల్లుతున్నాయి.

"పిచ్చుకా..."

పిల్ల తల తిప్పింది. రోజూ ఆ మూల నిలబడి ఉండే మనిషిని చూసినట్టు చూసింది.

"పాలు పొంగుతున్నాయి," అంది. "చూడు."

"ఏవండీ!" అని అరిచింది నర్సమ్మ. అరిచాననే అనుకుంది. డ్రైవరు తలెత్తకుండా తిన్న కంచం ఆ చివరకు తోశాడు. కంచం జారి వచ్చి రెండు గుంటల ముందు ఆగింది.

కాళ్ళు వాటంతటవే పొయ్యి దగ్గరకు నడిచాయి. పాలు నిజంగానే పొంగి మాడుతున్నాయి. మంట ఆర్పింది. అప్పుడు అర్థమైంది. ఆవిడ తన పాత చోటు ఎప్పుడూ అడగలేదు. ఆ చివరకు మళ్ళీ రావాలని ఎవరు మాత్రం కోరుకుంటారు? రంపం పెట్టి ఆవిడను అక్కణ్ణుంచి లేపింది నర్సమ్మే. ఖాళీ అయిన ఆ చోటును మళ్ళీ తెచ్చి, పీట వేసి పిలిచిందీ నర్సమ్మే. ఆ చోటుకు ఎప్పుడూ ఎవరో ఒకరు కావాలి.

బెంచీలు జరిగాయి. అందరూ లేచారు. వీధి గుమ్మం దగ్గర పిచ్చుక గొంతు వినిపించింది.

"అమ్మా, సాయంత్రం ఇంట్లోనే ఉంటావా?"

"ఉంటాను," అంది ఒక గొంతు. అది నర్సమ్మ గొంతే. ఇన్నాళ్ళూ నర్సమ్మ కూతురితో ఒక్కసారి కూడా అనలేకపోయిన మాట అది. "ఇకనుంచి రోజూ ఉంటాను."

పిచ్చుక సంతోషంతో కేకపెట్టింది. తలుపు పడింది.

నర్సమ్మ పీట మీద కూలబడింది. ఏడుపు రాలేదు. చేతులు బల్ల మీదకు జారాయి. రెండు మోచేతులూ రెండు గుంటల్లో దిగాయి. సరిగ్గా సరిపోయాయి. లేవబోయింది...

మళ్ళీ లేవబోయింది...

అప్పుడు చూసింది. తన మోచేతుల పక్కనే, నల్లటి చెక్క మీద ఇంకో రెండు మచ్చలు. నిన్న ఇవి లేవు. చాలా చిన్నవి, ఇప్పుడిప్పుడే అరగడం మొదలైనవి. మూడో తరగతి పిల్ల మోచేతులు పట్టేంత.