మనస్వినికి నేరుగా దారి లేదు

నరేన్ మొదటిసారి ఉప్పల్‌లోని నరసింహమూర్తిగారింటికి గేటు బాగుచేయడానికి వెళ్లిన రోజు, గేటు దానంతటదే మూసుకుని అతని బండిని నడిమధ్యన పట్టేసుకుంది. మేడమీంచి ఆయన కూతురు మనస్విని పకపకా నవ్వింది. నాచారం కుర్రాడు, నెట్‌వర్కుల పనిలో మొనగాడు, అక్కడికక్కడే గల్లంతయ్యాడు.

పాపం, గేటుదేం తప్పు? రైల్వేలో రిటైరైన ఆ పెద్దాయన కీసర గుట్ట మీద గుళ్లో ఉన్నా ఇంట్లో మోటారు ఆపాలని ముచ్చటపడి, గేటు, కెమెరాలు, మోటారు, అన్నిటి వెబ్ పేజీలూ ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి పెట్టారు. ఎవడో ఊరూ పేరూ లేనివాడు గేటుతో ఆడుకుంటున్నాడు.

నరేన్ వాటన్నిటి ముందు రివర్స్ ప్రాక్సీ అనే ఒక కాపలా ప్రోగ్రామ్ పెట్టాడు. ఇక బయటికి కనిపించేది అదొక్కటే. పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగింది లోపల ఎవరికి చెందితే వాళ్లకు చేరవేస్తుంది, జవాబు ఉన్నదున్నట్టు తెచ్చిస్తుంది.

ఈ పద్ధతి మూర్తిగారికి తెగ నచ్చేసి ఇంటిల్లిపాదికీ పెట్టేశారు. పాలవాడు ఆయన భార్యతో మాట్లాడాలన్నా వరండాలో ఆయన కుర్చీ ముందు పాస్‌వర్డ్ చెప్పాల్సిందే.

ఇంతలో ఆదివారం కాకినాడవాళ్లతో మనస్వినికి పెళ్లిచూపులన్నారు.  శనివారం నరేన్ వానలో తడుస్తూ వచ్చి వరండాలో నిలబడ్డాడు.

"ఎవరితో పని?" అన్నారు మూర్తిగారు.

"మనస్వినితోని సార్. జర పర్సనల్."

"నేరుగా కుదరదు. నువ్వు నేర్పిందే కదా. చెప్పు, చేరవేస్తా."

నరేన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. "నువ్వంటే నాకు పాణం. రేపటి సంబంధం ఒద్దను. నన్ను జేసుకో."

మూర్తిగారి మీసం వణికింది. అయినా పద్ధతి పద్ధతే. లేచి లోపలికెళ్లారు. లోపల ఏదో గిన్నె కింద పడింది.

తిరిగొచ్చి, ఉన్నదున్నట్టే చెప్పాలా అని అడిగారు. అలాగే చెప్పాలన్నాడు నరేన్.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఒరేయ్ మొద్దూ, ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్లా? నాకూ నువ్వే కావాలి. మా నాన్న నా మాట కాదనడులే... అంది."

అని, ఆగిపోయారు. కూతురు ఎదురుగా నిలబడి అడిగుంటే కస్సుమనేవారే. కాదనడని తన నోటితో తనే చెప్పాక ఇంకెలా కాదంటారు?

"ఆ చివరి మాట నీకు కాదయ్యా, నాకు" అంటూ ఫోన్ తీసి, కాకినాడవాళ్లని రేపు రావద్దన్నారు.