ఖాళీ కుర్చీకి ఒక పువ్వు

"శనివారం నృత్యం, ఆదివారం కవి సమ్మేళనం, సోమవారం వయొలిన్ కచేరీ." బాస్ ఆర్ట్స్ సెంటర్ కరపత్రాన్ని టేబుల్ మీద పడేశాడు. "శనివారం మ్యాట్నీకి మన సైంటిస్టు ముందు వరసలో ఉంటాడు. ఆయన మొహం శత్రువులకి తెలీదు. డాన్సర్ ఎవరికి పువ్వు విసిరితే వాళ్లని బాల్కనీ లోంచి షూటర్ కాల్చేస్తాడు. షో ఆపితే వాడు జారుకుంటాడు. నువ్వు లైట్‌మన్‌వి."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిల్లి అని పిలిచే ఆ ఏజెంటు కరపత్రం అందుకున్నాడు. ఆ డాన్సర్ పేరు మెరుపు. శత్రువుల మనిషిగా వచ్చి, రెండేళ్ల క్రితం ఇటు తిరిగిన డబుల్ ఏజెంట్. అతని ప్రాణం.

"ఆవిడ మాట నమ్మకు. రెండు పడవల మీద కాళ్లున్న మనిషి," అన్నాడు బాస్.

శుక్రవారం గ్రీన్‌రూమ్‌లో ఆమె గుసగుసగా చెప్పింది. "సైంటిస్టు సీటు మార్పించాను. తలుపు వైపు పక్క కుర్చీలో ఉంటాడు. స్టేజీ మీద నేను ఆగే టేపుకి ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీ. పువ్వు అందులో పడగానే షూటర్ తికమకపడతాడు, పట్టుకోండి. నమ్ముతావుగా?"

"నమ్మకపోవడమేంటి!"

"అయితే సోమవారం వయొలిన్‌కి రెండు టికెట్లు తీసుకో. మామూలు మొగుడూ పెళ్లాల్లా వెళ్దాం."

టికెట్లు తీసుకున్నాడు. నమ్మలేదు, పాపిష్టివాడు! స్పాట్‌లైట్ కళ్లలో పడితే డాన్సర్‌కి ప్రేక్షకులు కనపడరు. ఎక్కడ ఆగాలో చెప్పే తెల్ల టేపు ముక్కే దిక్కు. శనివారం పొద్దున ఆ టేపుని తలుపు వైపు ఒక కుర్చీ మేర జరిపాడు. ఆమె చెప్పింది అబద్ధం, సైంటిస్టు పాత కుర్చీలోనే ఉంటాడు, పువ్వు పక్క కుర్చీలో పడితే బతుకుతాడని లెక్క.

సైంటిస్టుని హాల్లో లైట్లు ఆర్పాకే తెచ్చి కూర్చోబెట్టారు. మెరుపు ఆడింది, టేపు మీద ఆగింది, పువ్వు విసిరింది.

"థాంక్స్ అమ్మా," అన్నాడు చీకట్లో ఓ ముసలాయన.

పిల్లికి అప్పుడర్థమైంది. సైంటిస్టు ఆమె చెప్పిన కుర్చీలోనే ఉన్నాడు!

ఖాళీ కుర్చీ థాంక్స్ చెప్పదని మెరుపుకీ తెలుసు. ఒక్క గెంతులో స్టేజీ దూకి ఆయనకి అడ్డం పడింది. తుపాకీ పేలింది. పిల్లి స్పాట్‌లైట్‌ని బాల్కనీ మీదికి తిప్పాడు. రెండో గుండు పేలేలోపు షూటర్ మీద డిపార్ట్‌మెంట్ వాళ్లు నలుగురు పడ్డారు.

ఆమె హెయిర్‌పిన్‌లోని మైకు అతని ఇయర్‌పీస్‌లో వినిపిస్తూనే ఉంది.

"టేపు జరిపావా? ఒక్కసారి అడగాల్సింది కదరా, పిచ్చోడా..."

"జరిపాను," అని ఏడ్చాడు. ఆమెకి వినపడే దారి లేదు. మెట్లు దిగి పరిగెత్తేసరికి ఇయర్‌పీస్‌లో ఊపిరి కూడా ఆగిపోయింది.

బాస్ రిపోర్టులో రాశాడు: లక్ష్యం క్షేమం, నష్టం స్వల్పం.

సోమవారం వయొలిన్ మొదలయ్యే ముందు గేట్‌కీపర్ వచ్చి వంగి అడిగాడు. "సార్, పక్క సీటు ఎవరికైనా ఇచ్చేదా?"

"వద్దు," అన్నాడు పిల్లి. "కుర్చీ ఖాళీగా ఉంటుందని ఆవిడ చెప్పింది. ఆవిడ అబద్ధం చెప్పదు."