తెమో మిద్దె మూలుగు

వాన్ సరస్సు గట్టున, మా ఊరి చివర, తెమో ఇల్లుంది. ఒకప్పుడు పొద్దు గూకితే ఆ దారిన కుక్క కూడా పోయేది కాదు. సరస్సులో ఉన్ని ఉతకడానికి వెళ్లిన ఆడవాళ్లు సగం ఉతికిన ఉన్నిని అలాగే బుట్టలో కుక్కుకుని, ఎండ ఉండగానే ఆ ఇల్లు దాటేసేవాళ్లు. ఎందుకంటే చీకటి పడ్డాక ఆ ఇంటి మిద్దె మూలిగేది.

అచ్చం మనిషి మూలిగినట్టే. నడుం పట్టేసిన ముసలాడు మంచం మీద ఒత్తిగిలినట్టు... ఊఁ... ఊఁఁఁ... అని.

నేను దెయ్యాల్ని నమ్మను. టీకొట్టు నడిపేవాడు దెయ్యాల్ని నమ్మితే తెల్లారకుండా లేచి పొయ్యి ఎవరు వెలిగిస్తారు? అయినా ఆ రోజుల్లో నేనూ ఆ దారిన పోలేదు. కొండ చుట్టూ తిరిగి ఇంటికి చేరేవాణ్ణి. ఎవరైనా అడిగితే కొండగాలి ఒంటికి మంచిదని చెప్పేవాణ్ణి.

ముందు తెమో సంగతి చెప్పాలి. అప్పట్లో మావన్నీ మట్టి మిద్దెలు. దూలాల మీద కర్రలు, కర్రల మీద రెల్లు, రెల్లు మీద చౌడు మట్టి. వాన పడిన ప్రతిసారీ మిద్దెక్కి, గుండ్రాయి దొర్లించి మట్టి అణచాలి. లేకపోతే కారుతుంది. అది అందరూ విసుక్కుంటూ చేసే పని. తెమో ఒక్కడే ఇష్టంగా చేసేవాడు. పైగా ఏటా మంచు పడకముందే ఒక పొర కొత్త మట్టి పరిచేవాడు. నలభై ఏళ్లలో నలభై పొరలు. పాతది తీసేసి వెయ్యకూడదా అని ఒకసారి నోరు జారాను. "అందులో మా తాత వేసిన మట్టి ఉంది. మట్టి తీసి, ఆ చేత్తోనే మా తాతని కూడా గోరీలోంచి తవ్వి తియ్యమంటావా?" అన్నాడు. ఆ తర్వాత నెల్లాళ్లు నా కొట్లో టీ తాగలేదు.

మోకాలు పాడైనా మిద్దెక్కడం మానలేదు. ఏడు మెట్ల నిచ్చెన. అయిదో మెట్టు దగ్గర ఆగి, ఓ పెద్ద నిట్టూర్పు విడిచి, మిగతా రెండూ ఎక్కేవాడు.

పోయేముందు అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు. తెమో మాత్రం కొడుకు సెయ్ఫోని దగ్గరికి పిలిచి, "ఏటా మట్టి వెయ్యి. మర్చిపోయావో... వచ్చి అడుగుతా" అన్నాడు. అంతే, కళ్లు మూశాడు.

నలభై రోజులు గడిచాయి. మంచు మొదలైంది. ఒక రాత్రి సెయ్ఫో, అతని పెళ్లాం బెస్నా, ఇద్దరు ఆడపిల్లలు పడుకుని ఉండగా — పైనుంచి వినిపించింది.

ఊఁ... ఊఁఁఁ...

సెయ్ఫో లేచి కూర్చున్నాడు. ఆ ఏడు తను మట్టి వెయ్యలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

సెయ్ఫో మంచివాడు. తండ్రి మాట జవదాటడు. అంతకుమించి అతని గురించి చెప్పడానికి ఏమీ లేదు. మర్నాడే మంచు తోసి, ఇరవై బుట్టల మట్టి మోసి మిద్దె మీద పోశాడు. రెండు రోజులు మూలుగు లేదు. మూడో రోజు మళ్లీ మొదలైంది, ఇంకా గట్టిగా. సరిపోలేదు కాబోలని ఇంకో పాతిక బుట్టలు పోశాడు. ఈసారి మూలుగుతో పాటు పళ్లు కొరికిన చప్పుడు కూడా వచ్చింది.

ఇలా నాలుగేళ్లు. ముసలాడు అడుగుతున్నాడు, కొడుకు పోస్తున్నాడు... పోసేకొద్దీ అడుగుతున్నాడు.

మధ్యలో ఇంకా చాలా జరిగాయి. పెరుగు గంజిలో పైనుంచి మట్టి రాలేది. నాయన చుట్ట నుసి దులుపుతున్నాడనేవాడు సెయ్ఫో. అర్ధరాత్రి నుదుటి మీద చల్లగా చుక్క పడేది. నాయన నమాజుకి చేతులు కడుక్కుంటున్నాడు. తలుపు బిగుసుకుపోయి తెరుచుకునేది కాదు. నాయన లోపల్నుంచి పట్టుకున్నాడు. మిద్దె మీద మోకాలెత్తు గడ్డి మొలిస్తే, ఊరి గొర్రె ఒకటి ఎలా ఎక్కిందో గానీ ఎక్కి మేస్తుంటే, అది నాయన గడ్డమని దాన్ని తరిమాడు. అన్నిటికీ ఒక జవాబుండేది. ఇంత తెలివి వేరే పనికి పెట్టి ఉంటే బాగుపడేవాడు.

ముల్లా వచ్చి తాయెత్తు రాసి, నడి దూలానికి దారంతో వేలాడదీశాడు. కట్టేటప్పుడు ముక్కాలిపీట ఎక్కాల్సి వచ్చింది. వసంతానికి ఆ తాయెత్తు సెయ్ఫో టోపీకి తగిలింది. మరుసటి ఏడు కనుబొమలకి తగిలింది. తాయెత్తు పెరుగుతోందని, మంచి శకునమని సెయ్ఫో నాతోనే చెప్పాడు. నేనూ తలూపాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దారం పెరగదని ఆ ఇంట్లో ఒక్క మనిషికి తెలుసు. బెస్నాకి.

పొయ్యి ముందు కూర్చునేది ఆమె, గిన్నెలో మట్టి ఏరేది ఆమె, చుక్క పడిన చోటల్లా రాగిచెంబు పెట్టేది ఆమె. తాయెత్తు ఎక్కడిదాకా దిగిందో నెలనెలా గుంజ మీద బొగ్గుతో గీత పెట్టింది కూడా ఆమే. కానీ చెప్పడం ఎలా? మాలో కోడలు మామగారి ముందు నోరు విప్పదు. తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేతుల్తోనో కళ్లతోనో చెప్పాలి. చాలాకాలం గడిచాక మామగారే ఏదో కానుక ఇచ్చి, ఇక మాట్లాడమ్మా అనాలి. మిద్దె ధ్యాసలో పడి తెమో పదేళ్లపాటు ఆ సంగతే మర్చిపోయాడు. ఆయన పోయాక నలభై రోజులు మాత్రం బెస్నా ఇంట్లో నోరారా మాట్లాడింది. అంతలో మిద్దె మూలిగింది. మామగారు తిరిగొచ్చేశారు కదా, మళ్లీ నోటికి కొంగు అడ్డమొచ్చింది.

ఇంటి బయట మాట్లాడచ్చు. ఒకరోజు సరస్సు దగ్గరికి మొగుణ్ణి తీసుకెళ్లి మెల్లగా చెప్పిందట, దూలం వంగిపోతోంది, పిల్లలు దాని కిందే పడుకుంటున్నారు అని.

"నాయన బరువు" అన్నాడు సెయ్ఫో.

"చచ్చిపోయినవాళ్లకి బరువుంటుందా?"

"మా నాయన బతికున్నప్పుడు కూడా బరువైన మనిషే" అని చెప్పి లేచి వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే గట్టున కూర్చుని ఏడ్చిందట. అక్కడ మాత్రం గట్టిగానే ఏడ్చానంది.

ఇక ఆ రాత్రి సంగతి. ఇది జబ్బార్ మేస్త్రి నాకు చెప్పింది.

మా వైపు రేకుల కప్పులు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిని వేసే మేస్త్రి జబ్బార్. మంచుకి ముందు పడే ఆఖరి వానల కాలం. పక్క ఊళ్లో పని ముగించుకుని, మేకుల సంచి భుజాన వేసుకుని, ఆలస్యమైందని అడ్డదారిన వస్తున్నాడు. తెమో ఇంటి దగ్గరికి వచ్చేసరికి వాన అందుకుంది.

మొదట మూలుగు వినిపించింది. తలెత్తి చూశాడు.

మిద్దె మీద చిన్న వెలుతురు. ఆ వెలుతురులో వంగిన ఆకారం ఒకటి... నడుముకి తాడు... తాడు వెనక గుండ్రాయి. అది ఇటు నుంచి అటు పోతోంది. అటు నుంచి ఇటు వస్తోంది. గర్ర్... గర్ర్...

జబ్బార్ పరుగెత్తాడు. వెనకాలే గలగలమంటూ గొలుసుల చప్పుడు తరిమింది. ఇరవై అడుగులు పోయాక తెలిసింది, అవి తన సంచిలో మేకులే. అక్కడే ఆగి సంచి దింపాడు. సరిగ్గా అప్పుడే మిద్దె మీది ఆకారం తుమ్మింది.

"ఎవరది?" అంది ఆకారం. "జబ్బార్ మేస్త్రేనా? వానలో తడుస్తావేం, లోపలికి రా, టీ తాగుదువు గానీ."

సెయ్ఫో.

జబ్బార్ లోపలికి వెళ్లాడు. పిల్లలిద్దరూ దూలం కింద నిద్రపోతున్నారు. బెస్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టీ గ్లాసు అందించింది. చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకుని, గ్లాసు ఎత్తేసరికి అందులో చిటికెడు మట్టి పడింది. ఏమిటా అని లేచి నిలబడితే ఏదో ముక్కుకి తగిలింది. తాయెత్తు.

బెస్నా దీపం తీసుకెళ్లి గుంజ పక్కన పెట్టింది, అంతే. జబ్బార్ బొగ్గు గీతలు చూశాడు. పైనుంచి కిందికి, నలభై పైచిలుకు. తర్వాత దూలం చూశాడు. దాని కడుపు నిండు చూలాలిలా కిందికి దిగి ఉంది.

గ్లాసు కింద పెట్టేశాడు.

"ఒరే సెయ్ఫో" అన్నాడు, పెద్దగా మాట్లాడితే కప్పు కూలుతుందేమోనన్నంత మెల్లగా. "ఈ మిద్దె మార్చాలిరా. అది తర్వాత. ముందు పిల్లల్ని లేపు."

"నాయన వింటాడు. మెల్లగా" అన్నాడు సెయ్ఫో.

"మీ నాయన కాదురా మూలిగేది, దూలం. ఎన్ని బుట్టలు పోశావు దాని మీద?"

"అడిగినప్పుడల్లా పోశాను."

"అది అడగడం కాదురా, వద్దనడం."

సెయ్ఫో మొహం ఎర్రబడింది. నాయన ఇంట్లో నిలబడి నాయన మిద్దెకి వంకలు పెడతావా అన్నాడు. రేకులు అమ్ముకోడానికి వచ్చావా అన్నాడు. అంతలో వాన జోరందుకుంది, మిద్దె పొడుగ్గా మూలిగింది. "చూశావా, పిలుస్తున్నాడు" అంటూ సెయ్ఫో నిచ్చెనెక్కాడు. ఇంకో బుట్ట మట్టి కూడా భుజాన పెట్టుకున్నాడు.

పైన అడుగుల చప్పుడు. దూలం మధ్యకి వచ్చింది. ఆగింది. బుట్ట దింపిన చప్పుడు —

టప్!

దూలం నడిమికి చీలింది. రెల్లు మధ్య నుంచి మట్టి ధారగా కారడం మొదలైంది, పిల్లల దుప్పటి మీదికి.

అప్పుడు బెస్నా లేచింది. నోటికి అడ్డమున్న కొంగు లాగేసింది. తల పైకెత్తింది. పద్నాలుగేళ్లలో మామగారితో ఆమె అన్న మొదటి మాట అది. ఊరి చివర ఇల్లు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మసీదు దాకా వినిపించేదంటాడు జబ్బార్.

"మామయ్యా! కాస్త పట్టుకోండి!"

చప్పుడు ఆగిపోయింది.

కారుతున్న మట్టి ఆగింది. చీలిన దూలం చీలినట్టే ఆగింది. జబ్బార్‌ ఒక పిల్లని చంకనేసుకుని, ఇంకో పిల్లని చెయ్యి పట్టి లాక్కుంటూ బయట పడ్డాడు.

పైనున్న సెయ్ఫో దూలం చీలినందుకు కదల్లేదు. కానీ పెళ్లాం గొంతు వినేసరికి, అదీ నాయన ముందు, రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. "నాయన ముందు నోరు విప్పుతావా? సిగ్గు లేదూ?" అంటూ వాకిట్లో నిలబడి కేకలు. ఆమెని తిట్టడానికి దిగాడు కాబట్టి ఈ రోజు బతికున్నాడు. ఆ సంగతి ఇప్పటికీ ఒప్పుకోడు.

బెస్నా అందరికన్నా ఆఖరున వచ్చింది. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో జున్ను కుండ. గడప దాటింది. కుండ కింద పెట్టింది. తలగుడ్డ సర్దుకుంది. ఇంటివైపు తిరిగి, ఈసారి మెల్లగా, ఎంతో మర్యాదగా అంది.

"ఇక వదిలేయండి మామయ్యా."

నలభై పొరలూ, ఆ పైన పోసిన బుట్టలన్నీ, గడ్డీ, గుండ్రాయీ ఒక్కసారిగా దిగబడ్డాయి. సరస్సులో అలలు లేచాయని జబ్బార్ అంటాడు. అంత నమ్మక్కర్లేదు. పెద్ద దూలాలు ఎప్పుడూ రెండు విడతలుగా విరుగుతాయని, మధ్యలో అలా ఊపిరి బిగబట్టినట్టు ఆగడం మామూలేనని కూడా అతనే అంటాడు. చెప్పేటప్పుడు మాత్రం నా మొహంలోకి చూడడు.

మంచు పడేలోపు జబ్బారే వాలుగా రేకుల కప్పు వేశాడు. ఇక ఎవరూ పైకెక్కే పనిలేదు. తవ్వి తీసిన గుండ్రాయి వాకిట్లో అరుగు అయింది. దారిన మళ్లీ ఆడవాళ్లు తిరుగుతున్నారు, నేనూ తిరుగుతున్నాను. బెస్నా ఇంట్లో, బయటా, నా కొట్టు ముందూ మాట్లాడుతూనే ఉంటుంది. ఆమె మొదలుపెడితే టీ చల్లారిపోతుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆమె చెప్పిందే.

రేకుల మీద మొదటి వాన పడిన రాత్రి. అందరూ పడుకున్నారు. వాన తగ్గింది... పైన...

గర్ర్... గర్ర్...

ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు.

సెయ్ఫో చీకట్లో బుట్ట కోసం తడుముకుంటున్నాడు. బెస్నా అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పడుకున్న చోటు నుంచే పైకి చూసి అంది.

"మామయ్యా, అది రేకు. దొర్లిస్తే సొట్టలు పడతాయి. ఇక దిగండి."

చప్పుడు ఆగింది. తర్వాత నిచ్చెన కిర్రుమంది. ఒక మెట్టు... ఇంకో మెట్టు... అక్కడ ఆగి, ఓ పెద్ద నిట్టూర్పు... మళ్లీ మెల్లగా మిగతా అయిదు మెట్లూ.

నిచ్చెన ఆ రాత్రి ఇంట్లోనే ఉంది, వాళ్ల మంచం పక్కన గోడకి ఆనించి. ఇక అవసరం లేదని బెస్నా దాని మెట్లకి ఉల్లిపాయల దండలు కట్టింది. దీపం వెలిగించి చూస్తే ఒక్క ఉల్లిపాయ కూడా కదల్లేదు.