అమ్మమ్మ గుణకం

2088 నాటికి కాకినాడలో ఉయ్యాలలు పిల్లల్ని ఊపడంతో ఆగలేదు, జబ్బులు కూడా చెప్పడం మొదలుపెట్టాయి. ‘శ్వాసడోల’ అనే ఈ ఉయ్యాల పరుపులోని మైక్రోఫోన్లు పసివాళ్ల ఊపిరిని వింటాయి. ఆపైన డోల ఇంట్లోవాళ్లను నాలుగు ప్రశ్నలడిగి, నాలుగు వందల జబ్బుల్లో ఏదో తేల్చేస్తుంది. దాన్ని తయారుచేసిన డాక్టర్ నిగమ ఇంట్లోనూ ఒకటుంది. అందులో ఆమె కూతురు, నాలుగు నెలల వెన్నెల.

“ఏమే, పిల్ల డొక్కలెగరేస్తోందే!” అంది నిగమ తల్లి లాస్యప్రియ. పేరు చూసి పడుచుపిల్ల అనుకునేరు, అరవై మూడేళ్లు. ఆ కాలపు అమ్మమ్మలందరివీ అలాంటి పేర్లే.

“జలుబేనమ్మా. డోల చెప్పిందిగా. నీకన్నిటికీ కంగారే!”

“మూణ్ణెల్ల జలుబేంటే? పాలు తాగుతూ తాగుతూ ఆయాసపడి వదిలేస్తోంది. ఒళ్ళే చేయట్లేదు!”

కూతురు వినేలా లేదని లాస్యప్రియ కళ్లజోడు పెట్టుకుని తనే డోల తెర చూసింది. ‘ఆయాసం: తొమ్మిది రోజులుగా’ అని ఉంది.

“ఓసి నీ దుంపతెగ! మూణ్ణెల్లని మొత్తుకుంటే తొమ్మిది రోజులని రాస్తావా?”

“మీ జవాబును పదితో భాగించానండీ. అది అమ్మమ్మ గుణకం,” అంది డోల వినయంగా.

నిగమ చటుక్కున డోల దగ్గరకొచ్చింది. ఆ గుణకం పెట్టింది తనే. అమ్మమ్మలు అన్నీ పెంచి చెబుతారని ఆమె గట్టి నమ్మకం. తొంభై కిలోలున్న తనను చూసి తల్లి రోజూ “చిక్కిపోయావే” అంటుంది మరి! నిగమ గబగబా గుణకాన్ని తీసేసింది.

“మూడు నెలలుగా అయితే జలుబు కాదు,” అంది డోల వెంటనే. “ఊపిరితిత్తుల్లో గాలిగదుల మధ్య కణజాలానికొచ్చే అరుదైన జబ్బు కావచ్చు. స్కాన్ తీయించండి.”

స్కాన్ అదే చెప్పింది. అదృష్టం, పెరిగేకొద్దీ తగ్గే రకమే. అంతవరకూ ఆక్సిజన్ పెట్టాలి. ముక్కుకు సన్నటి గొట్టంతో వెన్నెల మొదటిసారి సీసాడు పాలూ తాగేసింది. లాస్యప్రియ భోరున ఏడ్చేసింది.

ఇంటికి రాగానే నిగమ డోల మీద విరుచుకుపడింది.

“నీ మూలాన నా పిల్ల నాకు దక్కకుండా పోయేది!”

“నిజమే డాక్టర్. అమ్మమ్మగారు ఈ మాట నాకు పదిసార్లు చెప్పారు. పదితో భాగిస్తే ఒక్కసారి మిగిలింది. మీకూ పదిసార్లు చెప్పారు. మీకెంత మిగిలింది?”



“ముందు అన్నానికి రావే! ఎలా చిక్కిపోయావో!” వంటింట్లోంచి కేక.

తొంభై కిలోల నిగమ కిక్కురుమనకుండా వెళ్లి కంచం ముందు కూర్చుంది.