కేశవప్ప సగం పాట

"ఆపప్పా! ఆపు!"

ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకతె లేచి నిలబడింది. చేతిలో గొడుగు. దాని కొన తిన్నగా కేశవప్ప ముక్కుకు గురిపెట్టి ఉంది.

పాపం కేశవప్ప! హోసూరులో పగలంతా సైకిల్ షాపు, సాయంత్రమైతే మాండొలిన్. పల్లె పాటలకు కొంచెం కొత్త ఊపు కలిపి పాడతాడు. పంతొమ్మిది వందల అరవై మూడు, మామిడికాయల కాలం. కృష్ణగిరి మండీ షెడ్డులో అతని మొదటి పెద్ద ప్రోగ్రాం. సరిగ్గా మొదలయ్యే ముందు వాన దంచికొట్టి మైక్ సెట్టు మూగబోయింది. సరే, గొంతే మైక్ అనుకున్నాడు. పక్కన స్నేహితుడు పిల్లప్ప డోలక్ వాయిస్తుంటే రెండు పాటలు బ్రహ్మాండంగా సాగాయి. మూడోదానికి ఈ అవ్వ లేచింది.

"ఏమైంది అవ్వా?"

"ఎవురిని అడిగి పాడతా ఉండావు ఈ పాట?"

కేశవప్పకు బుర్ర తిరిగింది. పాటకు కూడా పర్మిషనా?

"కూసో అవ్వా, డిస్టర్బ్ చెయ్యొద్దు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పక్కనున్న మనవరాలు అవ్వ కొంగు పట్టి లాగింది.

"కూసో అవ్వా, మానం పోతా ఉంది."

ఉన్నమాట చెప్పుకోవాలంటే, మొదటి పాటనుంచీ కేశవప్ప చూపు ఆ అమ్మాయిమీదే ఉంది. మోకాలిమీద గాజుల చేత్తో తాళం వేస్తోంది. ఒక్కచోట తప్పలేదు. మన పిల్లప్ప కంటే వెయ్యి రెట్లు నయం.

అవ్వ కూర్చుంది. అతను మళ్ళీ ఎత్తుకున్నాడు.

"గుమ్మం కాడి గువ్వా, నీ గూడు యాడుందే,
గింజలు తెచ్చినాను, గిన్నె యాడుందే..."

"ఏ ఊరప్పా మీది?" అవ్వ మళ్ళీ లేచింది. "మీ అమ్మ యాడ? పెద్దోళ్ళు లేకుండా పాడతారా దీన్ని?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. పిల్లప్ప దరువు తప్పాడు.

"ఒరే, ఈ అవ్వ మీకు చుట్టమారా?"

"నాకేం తెలుసురా!"

ఎప్పటిలాగే చివర మాండొలిన్ మోగించి పాట ముగించాడు. ఎందుకంటే ఆ పాటకు చివర లేదు. మండీలో కాయలు గంపలకెత్తే ఆడవాళ్ళ దగ్గర విని నేర్చుకున్నాడు. వాళ్ళూ అక్కడికే ఆపేసేవారు.

"జవాబు వినకుండానే ముగించినాడే పాపిష్టోడు!" అవ్వ నెత్తి కొట్టుకుని బయటికి నడిచింది. వెనకే వెళ్తూ ఆ అమ్మాయి ఒక్కసారి తిరిగి చూసింది. అది కోపమో నవ్వో అతనికి అంతుపట్టలేదు.

ప్రోగ్రాం అయ్యాక చూస్తే, ఆ అమ్మాయి వాన తగ్గుతుందేమోనని షెడ్డు చూరు కింద నిలబడి ఉంది. అవ్వ అప్పటికే దూరంగా బండెక్కి కూర్చుంది.

"ఏమయ్యా, నీకు నిజంగానే తెలీదా?"

"ఏంది తెలిసేది?"

"మా వేప్పనపల్లి పక్క మా ఇండ్లల్లో, పిల్లను అడిగేదానికి వచ్చినోళ్ళు గుమ్మం ముందర పాడే పాట అది. పిల్లోడు పిల్లను చూస్తా పాడాల. మిగతా సగం పిల్లింటోళ్ళది. అది జవాబు."

కేశవప్ప చేతిలోని మాండొలిన్ కింద పెట్టాడు.

"నేను... నిన్ను చూస్తా..."

"మా ఊరోళ్ళంతా చూసినారు. పాడి ఇడిచిపెట్టిపోయిన పిల్ల అంటారు రేపటినుంచి. ఇంకెవురు తొక్కుతారు మా గుమ్మం?"

"అయ్యో! నేనే వచ్చి తెలీక పాడినానని అందరికీ చెప్పేదా?"

"అది ఇంకా మేలు! కడుపు పట్టుకుని నవ్వుతారు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"నన్నడిగితే? భయపడో, జాలిపడో మాత్రం రావొద్దు. కాదనే జవాబు కూడా ఉంది మా కాడ."

"ఏందది?"

"వస్తే కదా తెలిసేది!"

అంతే, కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి పరుగెత్తింది. "మునెమ్మా, తడస్తావే!" అని బండిలోంచి అవ్వ కేక. పేరైనా తెలిసింది.

"రమ్మన్నట్టా రా, వద్దన్నట్టా?" అన్నాడు కేశవప్ప.

"రెండూ అన్నట్టే ఉందిరా" అన్నాడు పిల్లప్ప.

ఆ వారమంతా షాపులో ఒకటే గందరగోళం. చిల్లున్న ట్యూబు వదిలేసి బాగున్న ట్యూబుకు ప్యాచ్ వేశాడు. మాండొలిన్ తీస్తే వేళ్ళు కదలవు. చెవులు గాజుల తాళం కోసం వెతుకుతున్నాయి. ఇది జాలి కాదు. భయమూ కాదు. ఆ పిల్ల కావాలి, అంతే. ఆ మాట తనలో తాను ఒప్పుకున్నాక పోయి అమ్మకు చెప్పాడు.

"గొడుగు అవ్వ అంటే వేప్పనపల్లి చౌడమ్మా? మనకు వరసైనోళ్ళే కదరా! పాడేముందర నన్నొక మాట అడిగుంటే ఏం పోయింది?" అని అమ్మ విరగబడి నవ్వింది. జవాబు ఎలా ఉంటుందో మాత్రం ఎంత బతిమాలినా చెప్పలేదు.

వేప్పనపల్లిలో చౌడమ్మ అరుగుమీద గొడుగుతోనే కూర్చుని ఉంది.

"ఈసారి తెలిసే వచ్చినావా?"

"తెలిసే వచ్చినానవ్వా. అమ్మను కూడా తోడుకొచ్చినాను."

వీధిలో జనం మూగారు. చెప్పులు విడిచి గుమ్మం ముందు నిలబడి పాడాడు. తలుపు వెనక చీర అంచు ఒక్కటే కనిపిస్తోంది. దాన్నే చూస్తూ పాడాడు. చివర మాండొలిన్ మోగించలేదు. ఊరికే నిలబడ్డాడు.

లోపలినుంచి గొంతు వినిపించింది.

"గిన్నెకు చిల్లుంది, గింజ నిలవదు..."

ఆగిపోయింది. కేశవప్ప అమ్మవైపు చూశాడు. ఆమె ఆకాశంలోకి చూస్తోంది. చౌడమ్మ గొడుగు పిడి తుడుచుకుంటోంది. కాదంది. కాదనే అంది. వెనక్కి తిరిగి ఒక కాలు చెప్పులో పెట్టేశాడు కూడా.

అప్పుడు తలుపు చెక్కమీద గాజుల తాళం వినిపించింది.

"కొంగే పట్టినాను మావా, కొలవక పోసెయ్యి!"

వీధంతా ఈలలు. కేశవప్ప మాత్రం ఒంటికాలి చెప్పుతో అట్లాగే నిలబడి ఉన్నాడు.

"అవ్వా... ఇది అవునన్నట్టా, కాదన్నట్టా?"

తలుపు వెనక నవ్వు ఆగడం లేదు. చౌడమ్మ గొడుగు కొనతో అతని కాలి చెప్పు చూపించింది.

"అది ఇడిచి లోపలికి రాప్పా. నీ పాట ఇప్పుడు అయిపోయింది."