యాభై మూడో సంత

"ఏటి సారూ, మళ్లీ సున్నాయేనా?"

భుజం మీదుగా తన ఫారంలోకి తొంగిచూస్తున్న నర్సు కృపావతి మీద దేవీప్రసాద్‌కి చిర్రెత్తుకొచ్చింది. విశాఖలో ఎకనామిక్స్ రీసెర్చ్ చేస్తున్న అతను 1998 వానల్లో ముంచింగిపుట్టు కొండల మీదికి సర్వేకి వచ్చాడు. జబ్బు చేస్తే ఇంటికెంత ఖర్చవుతుందో రాయాలి. ఊళ్ల మాట తెలిసిన మనిషని ఆస్పత్రివాళ్లు కృపావతిని తోడిచ్చారు.

"సర్కారు ఆస్పత్రి. మందులు ఫ్రీ. ఈ ఇంటి ముసలాయన సోంబరు ఖర్చేమీ లేదన్నాడు. ఇంకేం రాయమంటారు?"

"ఈ సున్నాలు సూసి పైనోళ్లేటంటారు?"

"ఖర్చే లేనప్పుడు కొత్త సాయం అక్కర్లేదంటారు."

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "అయితే మా కొండకి జ్వరం కంటే మీ పెన్నే చేటు సారూ. జరగండి, నేనడుగుతాను."

వెళ్లి ముసలి సోంబరు ఎదురుగా చతికిలబడింది. "తాతా, అవ్వకి జ్వరమొస్తే ఎన్ని సంతలు పోనాయి?"

అతను వేళ్లు మడిచాడు. "మూడు పోనాయి. అల్లమంతా ఇంట్లోనే కుళ్లిపోనాది. అవ్వని డోలీ కట్టి ఆస్పత్రికి మోసిన నలుగురికీ ఒక్కో సంత పోనాది."

దేవీప్రసాద్ పెన్ను ఆగిపోయింది. వారానికొక్క సంత. అక్కడ అమ్ముకుంటేనే ఇంట్లోకి ఉప్పూ బియ్యం. ఒక్క జ్వరం ఐదిళ్ల కడుపు కొట్టిందన్నమాట. తన చదువంతటికీ తట్టని ప్రశ్న ఈమెకి ఎంత తేలిగ్గా తట్టింది! అలా నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"నోరు మూసుకోండి సారూ, దోమ దూరుతాది."

తిరిగిన ఊళ్లన్నీ మళ్లీ తిరిగారు. ఉన్నది ఒకే గొడుగు. అతనూ సగం తడిశాడు, ఆమె కూడా సగం తడిసింది, ఫారాలు మాత్రం తడవలేదు.

రిపోర్టు పట్టుకుని కొండ దిగేనాడు కృపావతికి మనసులో మాట చెప్పడానికి ధైర్యం చాల్లేదు. "ఏదైనా తేలాక వస్తాను" అని మాత్రం అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఆర్డరొచ్చింది. ఇకమీదట సంత రోజున సంతలోనే డాక్టరు. సరుకూ అమ్ముకోవచ్చు, జబ్బూ చూపించుకోవచ్చు.

మొదటి సంతనాడు పొద్దున్నే దేవీప్రసాద్ బస్సు దిగి అలాగే నిలబడిపోయాడు. పొగమంచులోంచి, ఆ కొండ మీంచీ ఈ కొండ మీంచీ జనం వరసలు కట్టి దిగుతున్నారు. తల మీద బుట్ట, చంకలో బిడ్డ. గుడారం పక్కన సోంబరు అల్లం బుట్ట దించి, ముసలామెని డాక్టరు ముందు కూర్చోబెట్టాడు. గొడుగు కింద రాసుకున్న నాలుగు కాగితాలు ఇంత పని చేస్తాయా?

మాత్రలు పంచుతున్న కృపావతి తలెత్తి చూసింది.

"నాదీ ఒక లెక్కుంది," అన్నాడు దగ్గరికెళ్లి. "మిమ్మల్ని చూడక యాభై రెండు సంతలు పోయాయి. ఇంకొక్కటి కూడా పోగొట్టుకోలేను. పెళ్లి చేసుకుందామా?"

"మీ లెక్క మళ్లీ తప్పే సారూ. యాభై మూడు."

"తుఫానుకి ఒకటి జరగలేదుగా. పేపర్లో చదివాను."

కృపావతి తల దించుకుని చేతిలోని మాత్రలు సర్దింది.

"సంత జరగలేదు. బస్సొస్తాదేమోనని నేనొచ్చి నిలబడ్డాను."