కీర పాదులకు కొట్టిన మందు

మెహనాజ్‌కు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన చేతుల మీదుగా పోయిన కూరగాయ తిని, ఏ ఇంట్లోనో ఒక పసిపిల్లకు ఏమన్నా అవుతుందేమోనని. పాములంటే కూడా ఆమెకు అంత భయం లేదు.

అసలు ఈ పని మొదలైందే ఆ భయంతో. కూతురు షహీన్ అన్నం ముద్దలు తినడం నేర్చుకున్న కొత్తలో, అంగట్లో కొన్న ప్రతి కాయనూ మెహనాజ్ ఉప్పునీళ్ళలో నానబెట్టి, కడిగి, తొక్క తీసి, మళ్ళీ కడిగి వండేది. అత్త బషీరా చూసి చూసి, "గింత కడిగితే కూరల ఏం మిగుల్తదే? ఒకరోజు పిల్లను సుత ఉప్పునీళ్ళల నానబెడ్తవ్ నువ్వు" అనేది. చివరికి మెహనాజే భర్తతో అంది, మన చేన్ల మనమే మందు లేకుంట పండించుకుందమని. ఇంటి కోసం వేసిన నాలుగు మడులు చూస్తుండగానే ఎకరం తోట అయ్యాయి. బీర, కీర, బెండ, పాలకూర, కొత్తిమీర. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల చేలన్నీ హద్దురాళ్ళు పాతుకుని ప్లాట్లవుతుంటే, వీళ్ళ ఎకరం మాత్రం పచ్చగా మిగిలింది.

ఆదివారం ఆదివారం భర్త సలాహుద్దీన్ ట్రాలీ ఆటోలో కూరగాయలు వేసుకుని పెద్ద అంబర్‌పేట్ అపార్ట్‌మెంట్లకు తీసుకెళ్తాడు. ముందురోజు ఏమేం ఉన్నాయో వాట్సాప్ గ్రూపులో చెప్పేది మెహనాజ్. ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించారు, రాస్తే తప్పులు పోతాయని ఆమె ఎప్పుడూ గొంతు రికార్డు చేసే పంపుతుంది. "మా పాప తినేదే మీకు పంపుతున్నమక్కా" అని చివర్లో తప్పకుండా అంటుంది. ఆ మాట విని కొనేవాళ్ళే ఎక్కువ.

ఆ ఆదివారం పొద్దున కూడా ఎప్పటిలాగే అత్తాకోడళ్ళు కీరలు కోస్తున్నారు. షహీన్ గట్టు మీద కూర్చుని చెప్పులతో మాట్లాడుకుంటోంది. మెహనాజ్ ఒక పాదు దగ్గర వంగి ఆకు పైకెత్తింది. ముక్కులో ఏదో గుచ్చుకున్నట్టయింది.

"అత్తమ్మా, ఒకసారి ఇటు రా. గిదేం వాసన?"

బషీరా వచ్చి వంగింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మందు వాసనే. పక్క చేను బాలస్వామి పత్తికి కొట్టిండేమో, గాలికి వచ్చుంటది."

మెహనాజ్ పక్క పాదు చూసింది. ఆ పక్కది చూసింది. వరుస చివరిదాకా నడిచింది. గాలికి వచ్చింది కాదు. ఆకుల అడుగున తెల్లటి చుక్కలు ఎండి, వరుసకు వరుస సమానంగా ఉన్నాయి. ఎవరో నింపాదిగా, ఒక్క ఆకూ వదలకుండా కొట్టారు.

అంత నింపాదిగా కొట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. మామ లాల్ మహమ్మద్. వయసులో ఉన్నప్పుడు వీపున పంపు వేసుకుని ఊరూరా పత్తి చేలకు మందు కొట్టే కూలికి పోయేవాడు. లాల్ కొడితే పురుగుకు ఆకు మీద నిలబడే చోటుండదని చెప్పుకునేవారు. ఇప్పుడు కోడలి తోటలో వేపనూనె కొడతాడు, సణుగుతూనే. మొన్నీమధ్య కూడా అన్నాడు, "గీ వేపనూనెకు పురుగు నవ్వుతుంది బిడ్డా. ఒక్కసారి అసలు మందు కొడితే ఖతం. అపార్టుమెంటోళ్ళకు ఏం ఎరుక?"

నిన్న సాయంత్రం ఆ వరుసలకు కొట్టింది ఆయనే.

మెహనాజ్ గంప అక్కడే వదిలేసి రోడ్డు మీదికి వచ్చింది. ఆటోలో అప్పటికే సగం సంచులు ఎక్కించారు. మామ తాడు బిగిస్తున్నాడు.

"దించుండ్రి. అన్నీ దించుండ్రి" అంది.

సలాహుద్దీన్ తల తిప్పి చూశాడు. "ఏమైంది? ఆలస్యమైతే మళ్ళ ఫోన్ల మీద ఫోన్లు చేస్తరు."

"మామా, నిన్న కీరకు ఏం కొట్టినవ్?"

"ఏం కొడ్తా? వేపనూనె కొట్టిన."

"అబద్ధం చెప్పకు మామా."

పెళ్ళయినప్పటి నుంచి మామ ముందు కొంగు సర్దుకోకుండా నిలబడని పిల్ల. తాడు ఆయన చేతిలోంచి జారింది. సలాహుద్దీన్ గొంతు తగ్గించి, "జర మెల్లగ మాట్లాడు. అబ్బాజాన్ అబద్ధమెందుకు చెప్తడు?" అన్నాడు.

"మరి పాదుల కాడికి పోయి చూడు. ముక్కు పగిలిపోతుంది. అపార్టుమెంటోళ్ళకు ఏం ఎరుక అన్నడా లేడా? ఎవరికీ తెల్వకుంట కొట్టిండు. మా పాప తినేదే పంపుతున్నమని నేను నోటితోని చెప్తున్న. ఏ పిల్లకన్న ఏమన్నయితే నేనెట్ల బతకాలె?"

"ఏం వాసన?" లాల్ మహమ్మద్ గొంతు పెరిగింది. "ఏం వాసన లేదు, ఏం లేదు! నాకు ఈ పని కొత్తనా? నా నెత్తి మీద వెంట్రుకలన్ని మందుకే నెరిసినయ్. నేను కొట్టింది వేపనూనె. ఖుదా కసమ్."

"నువ్వెన్ని ఒట్లు పెట్టుకున్నా..."

"నమ్మవా? చూడు మరి."

సంచిలోంచి ఒక కీర తీశాడు. చొక్కాకు తుడిచి కసుక్కున కొరికాడు. నములుతూనే, అమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చిన షహీన్ చేతిలో రెండోది పెట్టాడు. "తిను బేటా. మీ అమ్మకు పిచ్చి లేసింది."

పిల్ల నోటిదాకా ఎత్తింది.

మెహనాజ్ ఎట్లా దూకిందో ఆమెకే తెలీదు. కాయ పోయి ఆటో చక్రం కింద పడింది. షహీన్ బెదిరిపోయి ఏడుపు అందుకుంది. పిల్ల చేతులు, నోరు కొంగుతో గట్టిగా తుడుస్తూ మెహనాజ్ మామ వైపు చూసింది. తిడదామని నోరు తెరిచింది.

ఆయన ఇంకా నములుతున్నాడు. కోపంగా, నిర్భయంగా, నిజం చెప్పే మనిషిలా నములుతున్నాడు. షహీన్ అంటే ప్రాణం ఆయనకు. పిల్లకు ముల్లు గుచ్చుకుంటే తన కాలు పట్టుకుని ఏడ్చే మనిషి. తెలిసి మందు కొట్టినవాడు ఆ పిల్ల చేతిలో కాయ పెడతాడా?

"ఉమ్మెయ్ మామా!" అని అరిచింది. "ఉమ్మెయ్యి! ఏమండీ, నీళ్ళియ్యండి!"

సలాహుద్దీన్ బాటిల్ తెచ్చి బలవంతంగా పుక్కిలి పట్టించాడు. మెహనాజ్ బోరు షెడ్డులోకి ఉరికి, నిన్న వాడిన పంపు తెచ్చి మూత తీసింది. అడుగున ఇంకా కొంచెం తెల్లటి నీళ్ళున్నాయి. ఆ ఘాటుకు సలాహుద్దీన్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తోటలోంచి వెనకే వచ్చిన బషీరాకు దగ్గు వచ్చింది.

"మామా," ఈసారి గొంతు మెత్తగా వచ్చింది, "ఇది ఏం వాసనొస్తుంది?"

లాల్ మహమ్మద్ వంగాడు. లోపలికి గట్టిగా పీల్చబోతుంటే ఆమె పంపు వెనక్కి లాగింది. ఆయన కోడలి మొహం చూశాడు, కొడుకు మొహం చూశాడు.

"వేప..." అన్నాడు. పరీక్షలో పక్కవాడి పలక చూసే పిల్లవాడిలా ఉన్నాయి ఆయన కళ్ళు.

అంతలో పక్క చేను బాలస్వామి గట్టు దిగి వస్తూ కేకేశాడు. "ఓ లాల్ భాయ్! బోరు కాడ బకెట్ల నేను కలిపి పెట్టిన మందు సగం మాయమైంది. నువ్వేమన్న తాగినవా ఏంది?" నవ్వుతూ వచ్చినవాడు అందరి మొహాలు చూసి ఆగిపోయాడు. "ఏమైందే బిడ్డా?"

బోరు ఇద్దరికీ ఒకటే. వేపనూనెలో సబ్బు నురగ వేసి కలిపితే నీళ్ళు పాలలా తెల్లగా అవుతాయి. బాలస్వామి పత్తికి కొట్టే మందు కూడా నీళ్ళలో పడితే అంతే తెల్లగా అవుతుంది. పక్కపక్కన రెండు బకెట్లుంటే కళ్ళతో చూసి ఎవరూ చెప్పలేరు. ముక్కుతో ఎవరైనా చెప్పగలరు.

"నీకు వాసన తెలుస్తలేదా?" అంది బషీరా.

ఆయన ఆటో పట్టె మీద కూర్చున్నాడు. తెలియడం లేదన్నట్టు తలాడించాడు.

"ఎప్పటి సంది?"

"ఏమో. ఏండ్లైతుంది. ఒక ఈద్ నాడు అత్తరు పూసుకున్న. ఏం రాలే. సీసా పాతదైందనుకున్న. పక్కన నిలబడ్డోళ్ళు మస్తుందన్నరు. గప్పుడు తెలిసింది." చేతుల వంక చూసుకున్నాడు. "చెప్తే చేను కాడికి రానియ్యరనుకున్న. గీ పని తప్ప నాకేమొస్తది?"

బషీరా చప్పున నేల మీద కూలబడింది. ఏడుస్తోందో తిడుతోందో తెలియని గొంతుతో అంది. "కూర ఎట్లుందంటే చెప్పవు. పాసిపోయినా తింటవ్, మాడినా తింటవ్. నేనేమనుకున్న? నా మీద మనసు విరిగిందనుకున్న. ముసలిదాన్నైన, నా చేతి కూర ఎక్కుతలేదనుకున్న. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుండెనయ్యా?"

"ఏం చెప్పాలె? బాగుందంటే అబద్ధమైతది."

బాలస్వామి తుండుతో మొహం తుడుచుకున్నాడు. "తప్పు నాది బిడ్డా. బకెట్ గక్కడ పెట్టి బువ్వకు పోయిన" అన్నాడు.

సంచులు దించి, ఆ ఆటోలోనే లాల్ మహమ్మద్‌ను దవాఖానకు తీసుకెళ్ళారు. మింగింది దాదాపు లేదు, మధ్యాహ్నందాకా చూసి పంపిస్తామన్నాడు డాక్టరు. ముక్కు సంగతి విని టార్చి వేసి చూశాడు. ఇన్నేళ్ళు పీల్చిన మందుల వల్లనో, మరో కారణమో, పట్నంలో పెద్ద డాక్టరు చూస్తేగానీ చెప్పలేమన్నాడు. రాసుకుంటూ అడిగాడు, "ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదా పెద్దాయనా?"

లాల్ మహమ్మద్ దుప్పటి అంచు నలిపాడు. "ఎవ్వలడగలే సారు."

మెహనాజ్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎక్కడో అపార్ట్‌మెంట్లో, మొహం కూడా చూడని పిల్లల కోసం రోజూ భయపడింది. ఏ కాయ తింటున్నారో, కడుపు ఎట్లా ఉందో అని. తన వంటింట్లో, తను వడ్డించిన పళ్ళెం ముందు కూర్చునే మనిషిని ఒక్కరోజు కూడా అడగలేదు. పొద్దున అడిగింది కూడా దొంగని అడిగినట్టు అడిగింది.

మంచం దగ్గరికి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. "మామా, నన్ను మాఫ్ చెయ్యి. అందరి ముంగట నోటికొచ్చింది అన్న."

"అనాలె" అన్నాడాయన. "పిల్లకు నేను పెట్టిన కాయ నువ్వు కొట్టకుంటే..." గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతుంటే ఆమె చెయ్యి వదలలేదు.

బయటికొచ్చాక సలాహుద్దీన్ ఫోను చూపించాడు. కూరగాయలు ఎక్కడిదాకా వచ్చాయని అడుగుతున్నారు. "బండి ఖరాబైందని చెప్దామా? మందు సంగతి చెప్తే గ్రూపుల ఒక్కరుండరు."

మెహనాజ్ చాలాసేపు ఆలోచించింది. అతను చెప్పింది నిజమే. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "అక్కా, ఈవారం కూరగాయలొస్తలేవు. మా కీరకు పొరపాటున పత్తి మందు పడ్డది. కావాలని కాదు. మా మామకు వాసన తెల్వదు, ఆ సంగతి మాకే ఇయ్యాల తెలిసింది. కోసినవన్నీ పారబోస్తున్నం, ఆ పాదులు పీకేస్తున్నం. నమ్మకముంటే కొత్త పంటకు రండి."

సాయంత్రానికి చాలామంది గ్రూపు వదిలిపోయారు. ఒకామె నానా మాటలూ అంది. లీదియా అనే టీచరమ్మ మాత్రం ఫోన్ చేసి కూరగాయల సంగతే ఎత్తలేదు. "మీ మామగారు ఎట్లున్నరమ్మా? తిన్నరా?" అని అడిగింది. మెహనాజ్ ఫోను బషీరా చేతికిచ్చింది.

ఇప్పుడు లాల్ మహమ్మద్ మళ్ళీ తోటకు వస్తున్నాడు. బోరు దగ్గర బాలస్వామి తన బకెట్‌కు ఎర్రగుడ్డ కడతాడు. పంపు నింపే ముందు మెహనాజ్ వాసన చూసి "అవ్ మామా, వేపే" అంటే అప్పుడు ఆయన వీపుకు ఎత్తుకుంటాడు. కీర పాదులు పీకిన చోట ఇంకా ఏమీ వేయలేదు. రాత్రి అన్నం దగ్గర బషీరా అడగదు, తనే చెబుతుంది. "ఇయ్యాల ఎల్లిపాయ పోపు జర ఎక్కువైంది. వాసన ఇల్లంత నిండింది. ఎరుకైందా?" ఆయన తలాడించి ఇంకో ముద్ద కలుపుకుంటాడు.

మొన్న షహీన్ కొత్తిమీర కట్ట తెచ్చి తాత ముక్కు దగ్గర పెట్టింది. రాదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, తనే కళ్ళు మూసుకుని పీల్చింది.

"ఎట్లుంది బేటా?"

షహీన్ చాలా ఆలోచించింది. "వాన పడ్డప్పుడు అమ్మ చెయ్యి లెక్క ఉంది దాదా."

లాల్ మహమ్మద్ కళ్ళు మూసుకుని, ఆ వాసన తెలిసినట్టే నవ్వాడు.

ఇది చదివిన మీకు ఒక్క మాట. మీ ఇంట్లోనో, మీ వాడకట్టులోనో వీపున పంపు వేసుకుని చేలకు మందు కొట్టిన మనిషి ఉంటే, ఇయ్యాల ఆయన పక్కన కాసేపు కూర్చోండి. కూర వాసన వస్తోందా, కళ్ళు బాగా కనిపిస్తున్నాయా, చేతులు వణకట్లేదు కదా అని అడగండి. అడగందే ఆయన చెప్పడు.